కాఠ్ కుణీ

కాఠ్ కుణీ హిమాచల్ ప్రదేశ్ రాష్ట్రంలోని కుల్లూ, సిమ్లా, కిన్నౌర్ జిల్లాలలో తరతరాలుగా వాడుకలో ఉన్న గృహనిర్మాణ పద్ధతి. దేవదారు దూలాలను, రాళ్ళను ఒక వరుస తరువాత ఒక వరుసగా పేర్చి, సున్నం గానీ సిమెంటు గానీ వాడకుండా గోడలు కట్టడం దీని ప్రత్యేకత. ఇళ్ళు, ధాన్యపు కొట్లు, కోటలు, ఆలయాలు అన్నీ ఈ పద్ధతిలోనే కట్టేవారు. సరాహన్ లోని భీమాకాళీ ఆలయం, నగ్గర్ కోట దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణలు.

పేరు

"కాఠ్" అనగా కొయ్య, "కుణీ" అనగా మూల. సంస్కృతంలోని కాష్ఠము, కోణము అనే పదాల నుండి ఇవి వచ్చాయి. గోడలు కలిసే మూలలలో రాయి కాక కొయ్యే ప్రధానంగా కనబడుతుంది కనుక ఈ పేరు సార్థకమైనదే.

నిర్మాణ విధానం

ముందుగా నేలను తవ్వి రాతి పునాది వేసి, దానిని భూమట్టం కంటే ఎత్తుగా అరుగులాగా లేపుతారు. మంచు, వాన నీరు కొయ్యకు తగలకుండా ఇది కాపాడుతుంది. అరుగుపైన గోడ వెలుపలి అంచున ఒకటి, లోపలి అంచున ఒకటి చొప్పున రెండు దూలాలను సమాంతరంగా పరుస్తారు. వాటి మధ్యనున్న ఖాళీని చిన్న రాళ్ళతో నింపుతారు. రెండు దూలాలూ ఎడంగా జరిగిపోకుండా అక్కడక్కడ అడ్డకొయ్యలు బిగిస్తారు. పావురం తోక ఆకారంలో చెక్కిన ఈ అడ్డకొయ్యలను స్థానికంగా "మాన్వీ" అని పిలుస్తారు. మూలలలో దూలాలను ఒకదానిపై ఒకటి అడ్డంగా వేసి "కడిల్" అనే కొయ్య మేకులతో బిగిస్తారు. ఇనుప మేకులు వాడరు. దూలాల వరుసపై రాళ్ళ వరుస, దానిపై మళ్ళీ దూలాల వరుస, ఇలా గోడ పైకి లేస్తుంది. సాధారణంగా గోడ మందం ఒకటిన్నర అడుగులు లేదా అంతకంటే ఎక్కువ ఉంటుంది.

కింది అంతస్తులలో రాయి ఎక్కువ. పైకి పోయేకొద్దీ రాయి తగ్గి కొయ్య పెరుగుతుంది. అన్నిటికంటే పై అంతస్తులో గోడ బయటకు పొడుచుకు వచ్చిన కొయ్య వసారా ఉంటుంది. కప్పుకు స్లేటు పలకలు పరుస్తారు. ఈ పలకల బరువు కింద ఉన్న కొయ్య కూర్పులను అదిమిపట్టి ఉంచుతుంది.

అడుగు అంతస్తులో పశువులను కట్టివేయడం ఆనవాయితీ. వాటి ఒంటి వేడి పై గదులకు చేరుతుంది. మందమైన గోడలు, చిన్న కిటికీలు ఆ వెచ్చదనాన్ని నిలుపుతాయి. ఈ పని చేసే వడ్రంగి మేస్త్రీలను "థావీ"లు అంటారు. కొలతలు, కూర్పులు అన్నీ వారికి నోటి విద్యే. కాగితంపై నక్షా గీసే అలవాటు ఉండేది కాదు.

భూకంపాలు

పశ్చిమ హిమాలయం భూకంప ప్రమాదం ఎక్కువగా ఉన్న ప్రాంతం. 1905 ఏప్రిల్ 4న వచ్చిన కాంగ్రా భూకంపంలో ఇరవై వేల మందికి మించి మరణించారు. అక్కడ ఎండుటిటుకలతో కట్టిన ఇళ్ళు పెద్ద సంఖ్యలో కూలిపోయాయి. నగ్గర్ కోట మాత్రం నిలిచింది. ఒక పాడుబడ్డ కోట రాళ్ళను బియాస్ నది దాటించి, మనుషులు బారుగా నిలబడి చేతి నుండి చేతికి అందించగా దీనిని కట్టారని జనశ్రుతి.

గోడ గట్టిగా బిగుసుకుని ఉండకపోవడమే ఈ కట్టడానికి బలం. నేల కదిలినపుడు సున్నం లేని రాళ్ళు ఒకదానిపై ఒకటి కొద్దిగా జారి, ఆ రాపిడిలో కంపన శక్తిని హరిస్తాయి. దూలాల వరుసలు నడికట్టువలె గోడను చుట్టి ఉండడం వలన పగుళ్ళు నిలువునా పాకవు. అయితే ఈ ఇళ్ళకు భూకంపం వలన ఏ నష్టమూ ఉండదనుకోవడం పొరపాటు. బంజార్ ప్రాంతంలోని చైనీ కోఠీ అనే ఎత్తైన బురుజు 1905లో పై అంతస్తులు కొన్ని కోల్పోయిందని చెబుతారు.

ఇరుగుపొరుగు ప్రాంతాలలోనూ ఇటువంటి పద్ధతులున్నాయి. ఉత్తరాఖండ్ యమునా లోయలోని కోటీ బనాల్ గ్రామపు బహుళ అంతస్తుల కొయ్య-రాతి ఇళ్ళు, ఏడు వందల మందికి పైగా మరణించిన 1991 ఉత్తరకాశీ భూకంపాన్ని తట్టుకున్నాయి. కాశ్మీరులోని "ధజ్జీ దేవారీ"లో కొయ్య చట్రాన్ని చిన్న చిన్న గళ్ళుగా చేసి వాటిని రాయి, మట్టితో నింపుతారు. 2005 భూకంపం తరువాత పాకిస్తాన్ ఆధీనంలోని కాశ్మీరులో పునర్నిర్మాణానికి ఈ పద్ధతిని విరివిగా వాడారు.

క్షీణత, ఆధునిక నిర్మాణాలు

ఈ ఇళ్ళకు ప్రధాన శత్రువు అగ్ని. కుల్లూ జిల్లాలోని మలాణా గ్రామంలో 2008లోనూ, 2021లోనూ జరిగిన అగ్నిప్రమాదాలలో అనేక ఇళ్ళు కాలిపోయాయి. ఒకదానికొకటి ఆనుకుని ఉండే కొయ్య ఇళ్ళు, లోపల నిలువచేసిన ఎండుగడ్డి, శీతాకాలమంతా వెలిగే పొయ్యి కలిసినచోట మంటలను ఆపడం కష్టం.

రెండవ కారణం కలప కొరత. ఒక ఇంటికి పెద్ద దేవదారు చెట్లు అనేకం కావాలి. పూర్వం గ్రామస్తులకు నామమాత్రపు ధరకు చెట్లు పొందే హక్కు ఉండేది. అడవుల సంరక్షణ కోసం దానిపై ఆంక్షలు పెరిగాయి. సిమెంటు, ఇటుక, ఇనుము రోడ్ల వెంట కొండలపైకి చేరడంతో కాంక్రీటు ఇల్లు చవకైనదీ, గౌరవప్రదమైనదీ అయింది. థావీల పిల్లలు ఇతర వృత్తులకు మళ్ళారు.

కాంక్రీటును తప్పుపట్టవలసిన పని లేదు, దానిని వాడే తీరే ప్రమాదకరం. ఏటవాలును నిలువుగా కోసి, ఒకవైపు పొట్టి, మరొకవైపు పొడుగు స్తంభాలపై అంతస్తులు లేపితే భూకంపంలో బలమంతా పొట్టి స్తంభాలపైనే పడుతుంది. వాన నీటికి దారి లేకపోతే నేలే జారిపోతుంది. 2023 ఆగస్టు 24న కుల్లూ జిల్లా ఆనీలో కొండవాలున ఉన్న పలు బహుళ అంతస్తుల భవనాలు వరుసగా కూలిపోయాయి. పగుళ్ళు ముందే కనబడి ఖాళీ చేయించడం వలన ప్రాణనష్టం తప్పింది.

రాతి, ఇటుక గోడలకు పునాదిపైన, ద్వారబంధాల పైన, కప్పు కింద కాంక్రీటు పట్టీలు చుట్టాలని భారతీయ ప్రమాణాలు సూచిస్తాయి. కాఠ్ కుణీలో దూలాల వరుసలు చేసే పని ఇదే. కొండ ఊళ్ళలోని కొన్ని హోటళ్ళు కాంక్రీటు గోడలకు పైపైన కొయ్య, రాతి పలకలు అతికించి ఆ పేరు పెట్టుకుంటున్నాయి. వాటికి రూపమే తప్ప ఈ గుణం రాదు. 2013లో వెలువడిన "ప్రథా" అనే ఆంగ్ల గ్రంథం ఈ నిర్మాణాలను కొలతలతో, చిత్రాలతో నమోదు చేసింది.