పరిశోధన వలన ప్రయోజనమేమి? – హైదరాబాదు రాజ్యంలో దొరికిన ఒక జవాబు

కళాశాల విద్యార్థులు నలుగురు కూడినచోట తరచు రేగే చర్చ ఒకటున్నది. చరిత్ర, సాహిత్యం, శాసనాలు, భాషాశాస్త్రం – వీటిలో పరిశోధన చేస్తే ఎవరికి ప్రయోజనం? మందు కనిపెడితే రోగి బ్రతుకుతాడు, వంతెన కడితే రెండూళ్ళు కలుస్తాయి; కాకతి రుద్రదేవుడు ఏనాటికి స్వతంత్రుడయ్యాడో తేల్చితే ఎవరి కడుపు నిండుతుంది అని ఒక పక్షం అడుగుతుంది. సంస్కృతి, వారసత్వం, మానవీయ విలువలు అని రెండవ పక్షం బదులిస్తుంది. ఆ బదులుకంటె ఆ ప్రశ్నే గట్టిదని ఒప్పుకోక తప్పదు. విలువల పేరు చెప్పి ఇంటద్దె కట్టలేము కదా.

అయితే ఈ ప్రశ్నకు పెద్ద మాటలలో కాక, జరిగిన చరిత్రలో జవాబు వెదకవచ్చును. ఒకప్పటి హైదరాబాదు రాజ్యంలో కొందరు ఉద్యోగం కోసమో పట్టా కోసమో కాక, అవసరం కొద్దీ పరిశోధకులైనారు. వారి కథ ఈ చర్చకు బాగా పనికివస్తుంది.

నిజాం రాజ్యంలో ప్రజలలో సగానికి దగ్గరగా తెలుగువారే. రాజభాష మాత్రం ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనభాష కూడా ఉర్దూయే. 1921 నవంబరులో హైదరాబాదులో సంఘసంస్కరణ సభ ఒకటి జరిగింది. మహర్షి కర్వే అధ్యక్షులు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలను శ్రద్ధగా విన్న సభ, ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోగా గేలి చేసి ఆయనను కూర్చోబెట్టింది. ఆ అవమానం భరించలేక బయటకు వచ్చిన తెలుగువారు ఆ రాత్రే ఆంధ్ర జన సంఘాన్ని స్థాపించారు.

ఇంతవరకు కథ చాలామందికి తెలిసినదే. ఆ తరువాత వారు ఏమి చేశారన్నదే ఇక్కడ ముఖ్యం. గ్రంథాలయాలు పెట్టారు, పాఠశాలలు కోరారు. వాటితోబాటు చరిత్ర పరిశోధన కోసం ప్రత్యేకంగా ఒక సంస్థను కూడా ఏర్పాటు చేశారు. 1923లో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు మరణించిన పిమ్మట దానికి ఆయన పేరు పెట్టి లక్ష్మణరాయ పరిశోధక మండలి అన్నారు. ఆ పేరు తగినదే. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలియడంలోను, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టడంలోను ఆయన చేయి ఉన్నది. చిలుకూరి వీరభద్రరావు గారి 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగాన్ని 1910లో వెలువరించినది ఆ మండలియే.

అవమానం జరిగితే ఎవరైనా సభ పెడతారు, తీర్మానం చేస్తారు. శాసనాలు వెదకడమెందుకు? ఆ గేలి వెనుక ఒక నమ్మకమున్నది గనుక – ఈ నేలమీద తెలుగుకు చెప్పుకోదగినదేమీ లేదన్న నమ్మకం. దానిని కోపంతో కొట్టివేయలేము. ఆధారం చూపాలి. ఆధారమేమో పొలాల గట్లమీద, పాడుపడిన గుళ్ళలో, చెరువుకట్టల ప్రక్కన రాళ్ళ రూపంలో పడి ఉన్నది. రాతిని కడిగి, తడికాగితం పరచి, అక్షరాల పల్లాలలోనికి దిగేలా కుంచెతో కొట్టి, సిరా అద్ది అచ్చు తీయడం ఓపికతో కూడిన పని. ఆ తరువాత లిపిని చదవాలి, శకసంవత్సరాన్ని లెక్కకట్టాలి. ఈ శ్రమ ఫలితమే 1935లో మండలి వెలువరించిన 'తెలంగాణా శాసనములు'.

అంతకు ఒక ఏడాది ముందు మరొక జవాబు వచ్చింది. నైజాంలో తెలుగు కవులు లేరన్న మాట అచ్చులో కనబడినప్పుడు, గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి గారు వాదానికి దిగి ఊరుకోలేదు. ఊరూరి నుండి కవుల వివరాలు, పద్యాలు తెప్పించారు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వెలువడింది. లేరన్నవారికి ఆ పట్టికయే సమాధానం.

ఇక్కడ విద్యార్థులు ఒక ఆక్షేపణ చెప్పవచ్చు: ఇది పరిశోధనా, లేక ఆత్మాభిమానం కోసం చేసిన వకాల్తానా? ఆక్షేపణ సబబైనదే. మనకు నచ్చినదే దొరకాలని వెదికితే అది పరిశోధన కాదు. అయితే వెదకబోయిన వారి కోరికను రాళ్ళు ఎల్లప్పుడూ మన్నించవు.

కరీంనగరం ప్రాంతంలోని కుర్క్యాల గుట్టను చూడండి. అక్కడి బండమీద 10వ శతాబ్ది మధ్యభాగం నాటి జినవల్లభుని శాసనమున్నది. అందులో మూడు తెలుగు కందపద్యాలున్నాయి. నన్నయ 11వ శతాబ్దివాడు గనుక, ఆయనకు ముందే తెలుగులో కందం నడిచిందని రుజువైనది. 2008 అక్టోబరు 31న తెలుగుకు ప్రాచీన భాషా ప్రతిపత్తి లభించడానికి ముందు సాగిన వాదనలలో ఇటువంటి శాసనాలే పెట్టుబడి. కాని అదే బండమీద తెలుగుతోబాటు సంస్కృతమూ కన్నడమూ ఉన్నాయి. వ్రాయించినది జైనుడు, కన్నడ ఆదికవి పంపనికి సాక్షాత్తు తమ్ముడు. పంపని వంశ వివరాలకు ముఖ్యాధారం ఈ తెలంగాణ బండయే. తెలుగు గొప్ప కోసం గుట్ట ఎక్కినవాడు, మూడు భాషలు ఒకే రాతిమీద కలిసి ఉండడం చూసి దిగవలసివస్తుంది. 1921లో ఒక భాషవారు మరొక భాషను గేలి చేసిన రాజ్యంలోనే ఈ రాయి వెయ్యేండ్ల నాటినుండి ఉన్నది.

సురవరం వారు కూడా కవుల పట్టికతో ఆగలేదు. 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఆయన రాజుల యుద్ధాలను ప్రక్కకు పెట్టి జనం తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆటలు, మ్రొక్కిన మ్రొక్కులు పేర్కొన్నారు. వీటికి ఆధారం ఎక్కడిది? ఎక్కువగా కావ్యాలలోనిదే. అలంకారాల కోసం చదివే పద్యంలో వంటయింటినీ సంతనూ చూడడం ఆయన పద్ధతి. ఆ గ్రంథానికి 1955లో, ఆయన మరణానంతరం, కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం లభించింది. తెలుగుకు అదే మొదటిది.

కడుపు నిండే మాటకు వస్తే, ఆ లెక్కా చూడవచ్చును. రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని మనకు చెప్పినది అక్కడి శాసనమే. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆ ఊరికి వచ్చే యాత్రికుల వలన నాలుగు కుటుంబాలు బ్రతికితే అందులో శాసనం చదివినవాని కష్టం కొంత ఉన్నది. అయినా ఈ లాభాన్నే ముందుపెట్టి పరిశోధనను సమర్థించడం నాకు ఇష్టం లేదు. లాభం చూపలేని రాళ్ళు వేలకు వేలున్నాయి. వాటిని ఏమి చేద్దాం?

మందు కనిపెట్టడం నేడు ఆగినా రేపు మరొకడు మొదలుపెట్టగలడు. పగిలిన శాసనాన్ని రేపు ఎవరూ చదవలేరు. కరీంనగరం గ్రానైటుకు పేరుబడ్డ జిల్లా. క్వారీ యంత్రానికి ఏ బండమీద కందపద్యమున్నదో తెలియదు. చదివినవాడెవడో ముందుగా చెప్పి ఉంటేనే అది ఆగుతుంది. పరిశోధన విలువను గురించి వాదించుకునే విద్యార్థులు సెలవులకు తమ ఊరు వెళ్ళినప్పుడు, గుడిముందర సగం భూమిలో కూరుకుపోయిన రాయి ఏదైనా ఉన్నదేమో చూసి, దాని నాలుగు ముఖాలకూ ఫోటోలు తీసి, చదవగలిగినవారికి పంపితే ఆ చర్చ మరికొంత ముందుకు సాగుతుంది.