తల్లి పాదాల నుంచి మరుగుదొడ్డి దాకా: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో పసిపిల్లల విసర్జన శిక్షణ

కృష్ణా పశ్చిమ డెల్టాలో బిడ్డకు మలమూత్రాల అలవాటు నేర్పే పని ఏడాది నిండకముందే మొదలవుతుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె ఇళ్ళలో ఇది ఎంత మామూలంటే, దాన్ని శిక్షణ అని ఎవరూ అనుకోరు. తల్లో అమ్మమ్మో పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, పాదాలు రెండూ కాస్త ఎడంగా పెడుతుంది. బిడ్డ తొడలు చెరో పాదం మీద ఆనుతాయి, వీపుకు ఆమె మోకాళ్ళు ఆసరా. నిద్ర లేచాక, పాలు తాగాక వేళ చూసి కూర్చోబెట్టి ‘ష్ష్...’ అంటుంది. కొన్ని వారాలు గడిచేసరికి ఆ శబ్దం వినగానే బిడ్డ ఉచ్చ పోస్తాడు. అతని ముఖం బిగిసిన తీరు చూసి తల్లి కూడా ముందే పోల్చుకుంటుంది. నేర్చుకునేది ఇద్దరూ.

పిల్లల వైద్య గ్రంథాలు దీన్ని చాలాకాలం లెక్కలోకి తీసుకోలేదు. అమెరికన్ వైద్యుడు బ్రేజెల్టన్ 1962లో 1,170 మంది పిల్లల వివరాలతో ప్రచురించిన వ్యాసం, బిడ్డ తనంతట తాను సిద్ధమయ్యేదాకా ఆగమంది. ఆ పిల్లలకు పగటిపూట అదుపు వచ్చింది సగటున 28.5 నెలలకు. అయితే 1977లో డివ్రీస్ దంపతులు తూర్పు ఆఫ్రికాలోని డిగో తెగ గురించి రాసిన వ్యాసంలో తల్లులు పుట్టిన కొద్ది వారాలకే ఈ పని మొదలుపెడతారు: కాళ్ళు బారజాపుకుని, బిడ్డను మధ్యలో పెట్టుకుని, నోటితో ఒక శబ్దం చేస్తారు. మన అమ్మమ్మలకు ఆ వర్ణన కొత్తగా అనిపించదు. ఈ రెంటిలో ఏది సరైనదని వాదించడం వృథా. బ్రేజెల్టన్ కొలిచింది బిడ్డ ఒంటరిగా ఆ పని చేసుకోగల శక్తిని. డిగో తల్లులు సాధించింది తల్లీబిడ్డల మధ్య కుదిరిన సంకేతాన్ని. డెల్టా ఇళ్ళలో ఈ సంకేతం గట్టిగానే కుదురుతోంది. చిక్కంతా ఆ తరవాతే.

ఏడాదిన్నర దాటిన బిడ్డ బరువెక్కుతాడు, పాదాల మీద ఇమడడు. అక్కడి నుంచి అతన్ని ఎక్కడ కూర్చోబెట్టాలి? మరుగుదొడ్డిలో అంటే, అది పెద్దవాళ్ళ కొలతకు కట్టింది. బజారులో విరివిగా అమ్మే ఒరిస్సా పాన్ పొడవు 580 మిల్లీమీటర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం రెండేళ్ళ బిడ్డ ఎత్తు సుమారు 860 మిల్లీమీటర్లు. తన ఎత్తులో మూడింట రెండు వంతుల పొడవున్న పాన్‌కు అటూ ఇటూ కాళ్ళు పెట్టి, పట్టుకోవడానికి ఏమీ లేకుండా, తడి నేల మీద గొంతుక్కూర్చోమంటున్నాం. గదిలో వెలుతురు తక్కువ, తలుపు వేస్తే చీకటి. భయపడని బిడ్డ ఉంటే ఆశ్చర్యపడాలి. భయపడ్డవాడు బిగబట్టుకుంటాడు, మలం గట్టిపడుతుంది, మరునాడు వెళ్ళేటప్పుడు నొప్పి పుడుతుంది, ఆ నొప్పికి జడిసి మళ్ళీ బిగబట్టుకుంటాడు. గట్టిపడ్డ మలం పక్కల నుంచి పలచగా కారి చెడ్డీ పాడైతే ‘ముందే చెప్పొద్దా?’ అని దెబ్బ పడుతుంది. అది బద్ధకం కాదు, మలబద్ధకం. ఆ దెబ్బ మాన్పించడమే వైద్యంలో మొదటి మెట్టు.

ఈ భయం నుంచి తప్పించడానికి పెద్దలు బిడ్డను పెరట్లోనో, మురుగుకాలువ అంచునో కూర్చోబెడతారు. పసిపిల్లల మలం హాని చేయదన్న నమ్మకం ఇంకా బలంగా ఉంది. అది నిజం కాదు, రోగక్రిములు అందులోనూ ఉంటాయి. తెనాలి నడిమధ్య నుంచి సాగే కాలువలు, రేపల్లె వైపు నల్లరేగడి, బాపట్ల దగ్గర సముద్రతీరపు ఇసుక నేల, అన్నిచోట్లా పైపైనే ఉండే భూగర్భజలం: ఇలాంటి చోట పెరట్లో పడ్డది పెరట్లోనే ఆగదు. నులిపురుగుల నిర్మూలన కార్యక్రమం 2015 నుంచి ఏడాది నిండిన బిడ్డకే ఆల్బెండజోల్ సగం మాత్ర, అంటే 200 మిల్లీగ్రాములు, వేయిస్తోంది. మాత్ర వేసిన బిడ్డను మళ్ళీ ఆ మట్టిలోనే కూర్చోబెడుతున్నాం.

దొడ్లు కట్టినంత మాత్రాన సరిపోదని పొరుగు రాష్ట్రంలో తేలింది. ఒడిశాలోని పూరీ జిల్లాలో 100 గ్రామాల మీద జరిగిన పరిశోధన 2014లో వెలువడింది. దొడ్లు కట్టించే కార్యక్రమం నడిచిన గ్రామాల్లో మరుగుదొడ్లున్న ఇళ్ళు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగినా విరేచనాలు గానీ నులిపురుగులు గానీ తగ్గలేదు. కారణాలు అనేకం. వాటిలో పసిపిల్లల మలానికి చోటు ఉందనే నా అభిప్రాయం. 2019 అక్టోబరు 2న దేశంలోని గ్రామాల్లో బహిరంగ విసర్జన ముగిసిందని ప్రకటించినప్పుడు లెక్కకు వచ్చింది ఇంటికో దొడ్డి. అందులో రెండేళ్ళవాడు కూర్చోగలడా అన్నది లెక్కకు రాలేదు.

వ్యవస్థలోనూ సరిగ్గా ఇదే వయసు దగ్గర ఖాళీ ఉంది. 2018లో మొదలైన ఇంటివద్ద శిశు సంరక్షణ కార్యక్రమంలో ఆశా కార్యకర్త 3, 6, 9, 12, 15 నెలలకు ఇంటికి వస్తుంది. అంగన్‌వాడీ పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్ళకు మొదలు. పాదాలు దిగి దొడ్డి ఎక్కాల్సిన కాలమంతా, అంటే 15వ నెల నుంచి 36వ నెల దాకా, ఈ విషయం మాట్లాడటానికి తల్లి ఇంటికి వచ్చేవాళ్ళు లేరు. ఆ చోటును పట్టణాల్లో డైపరు ఆక్రమిస్తోంది. ప్రయాణానికీ రాత్రికీ అది మేలే. రోజంతా వేస్తే మాత్రం, ఏడాదిలోపు కష్టపడి కుదుర్చుకున్న సంకేతాన్ని బిడ్డ మరిచిపోతాడని నా భయం.

చేయాల్సింది ఖరీదైనది కాదు. పాన్ మీద పరిచే చిన్న రంధ్రపు పలక, గోడకు బిడ్డ అందుకునే ఎత్తులో ఒక పిడి, పగలు కూడా వెలిగే దీపం చాలు. లేదా ప్లాస్టిక్ పాటీ, అందులోది తప్పకుండా దొడ్లో పోసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలన్న నియమం. మొదట్లో తల్లి ఎదురుగా గొంతుక్కూర్చుని రెండు చేతులూ పట్టుకుంటే బిడ్డకు పాదాల నాటి ధైర్యమే దక్కుతుంది.

ఈ మూడు ఊళ్ళ అలవాట్లను కలిపి చూడాలనుకునే పరిశోధకులకు ఒక ఇబ్బంది ఉంది. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళగా తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. నేల, నీరు, అలవాట్లు పంచుకునే ఊళ్ళ రికార్డులు రెండు చోట్ల పడ్డాయి. కలిపి చూడటానికి దారి అంగన్‌వాడీలోనే ఉంది. 7 నెలల నుంచి మూడేళ్ళ దాకా బిడ్డలకు ఇచ్చే బాలామృతం కోసం తల్లులు అక్కడికి వస్తారు. ప్యాకెట్టు ఇచ్చేటప్పుడు కార్యకర్త బరువుతోపాటు మరో రెండు ప్రశ్నలు రాసుకోవచ్చు: బిడ్డ ఇప్పుడు ఎక్కడ కూర్చుంటున్నాడు, ఆ మలం చివరికి ఎక్కడికి చేరుతోంది. 15 నెలల నుంచి నెలనెలా ఈ జవాబులు పోగైతే, పాదాలు దిగిన బిడ్డ దొడ్డి చేరడానికి ఎంతకాలం పడుతోందో, ఏ ఇళ్ళలో ఎందుకు ఆగిపోతున్నాడో మూడు ఊళ్ళకూ తెలుస్తుంది.