అమీర్‌పేట నుంచి ఎర్రమంజిల్ దాకా: తండ్రి పేరును పోలిన బిడ్డ పేరు – ఒక చారిత్రక పరిశీలన

హైదరాబాదులోని అమీర్‌పేట ఒక వ్యక్తి పేరు మీద వెలసినది కాదు. 'అమీర్-ఎ-కబీర్' అనే బిరుదు మీద వెలసినది. ఆసఫ్‌జాహీ రాజ్యంలో నిజాం తరువాతి స్థానంలో నిలిచిన పాయ్‌గా ప్రభువంశంలో ఈ బిరుదు, 'షమ్స్-ఉల్-ఉమరా' అనే మరో బిరుదు తరం నుంచి తరానికి సంక్రమించాయి. కనుక 19వ శతాబ్దపు పత్రాలలో 'షమ్స్-ఉల్-ఉమరా' అని కనిపించినంత మాత్రాన ఆ వ్యక్తి తండ్రా, కొడుకా, మనుమడా అన్నది తేలదు. కాలాన్నిబట్టీ, అసలు పేరునుబట్టీ నిర్ణయించవలసిందే. ఇక్కడ పొరపడితే ఒకరి జాగీరు, ఒకరి గ్రంథం, ఒకరి కట్టడం మరొకరి ఖాతాలో పడతాయి. బిడ్డకు తండ్రి పేరును పోలిన పేరు పెట్టడమనేది ఇంటి ముచ్చటగా కనబడినా, చరిత్రకారుడికి అది ఆధారాల సమస్య.

ఆ అసలు పేర్లు కూడా ఒకే జాడలో నడిచాయి. ఫక్రుద్దీన్ ఖాన్ కుమారులు రఫీయుద్దీన్, సుల్తానుద్దీన్, రషీదుద్దీన్. రషీదుద్దీన్ కుమారులు మొహియుద్దీన్, ఫజలుద్దీన్. వీరే చరిత్రలో ఖుర్షీద్ జా, వికార్-ఉల్-ఉమరా. సుల్తానుద్దీన్ కుమారుడు మజహరుద్దీన్, అంటే 1887లో దివాన్ అయిన ఆస్మాన్ జా. ఆయన కుమారుడు మొయినుద్దీన్. క్రికెట్ అభిమానులకు మొయినుద్దౌలా కప్పు ద్వారా తెలిసిన పేరు. నాలుగు తరాల పాటు ఒకే అంత్యప్రాస. అయితే దీనిని ఈ వంశపు ప్రత్యేకతగా భావించరాదు. '-ఉద్దీన్' అంటే 'ధర్మానికి' అని అర్థం. పూర్వపదంతో కలిసి 'ధర్మానికి గర్వకారణం', 'ధర్మానికి తోడ్పడేవాడు' వంటి సమాసాలు ఏర్పడతాయి. ఇస్లామీయ ప్రపంచమంతటా వాడుకలో ఉన్న నిర్మాణమిది. పేరు చివరిభాగం అందరిదీ, మొదటిభాగమే బిడ్డది. బిరుదు వారసత్వాన్ని చాటితే, అసలు పేరు వ్యక్తిని వేరుచేసింది.

ఆజం, మొఅజ్జం, అజ్మత్

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కుటుంబంలో ఈ పోలిక మరింత ఉద్దేశపూర్వకంగా కనిపిస్తుంది. ఆయన పెద్ద కుమారులిద్దరి బిరుదులు ఆజం జా, మొఅజ్జం జా. రెండూ 'గొప్పతనం' అనే అర్థమిచ్చే ఒకే అరబ్బీ ధాతువు నుంచి పుట్టినవి: మొదటిది 'మిక్కిలి గొప్ప', రెండవది 'గొప్పగా ఎంచబడినవాడు'. తెలుగు ప్రజల నోటిలో ఇవి మనుషుల పేర్లుగా కంటే వరంగల్లు ఆజంజాహి మిల్లుగా (1934), హైదరాబాదు మొజంజాహి మార్కెట్టుగా (1935) స్థిరపడ్డాయి. ఆజం జా కుమారులు 1933లో పుట్టిన ముకర్రం జా, 1939లో పుట్టిన ముఫఖ్ఖం జా. ఇక్కడ ఒక విశేషం ఉంది. ఈ రెండు పేర్లూ తండ్రి పేరులోని ధాతువును తీసుకోలేదు. పినతండ్రి 'మొఅజ్జం' పేరులోని ప్రత్యయ నిర్మాణాన్ని తీసుకున్నాయి. ధాతువు మారింది, అచ్చు నిలిచింది.

బిరుదులను పక్కనపెట్టి అసలు పేర్లను చూస్తే మరో వరుస బయటపడుతుంది. ఆజం జా అసలు పేరు హిమాయత్ అలీ ఖాన్, మొఅజ్జం జా పేరు షుజాఅత్ అలీ ఖాన్. ముకర్రం జా బర్కత్ అలీ ఖాన్, ముఫఖ్ఖం జా కరామత్ అలీ ఖాన్. నలుగురి పేర్లలోనూ '-అత్' అనే ముగింపే. ఉస్మాన్, ఆయన తండ్రి మహబూబ్ పేర్లలో ఇది లేదు. అంతకు ముందు ఐదవ నిజాం తహనియత్ అలీ ఖాన్ పేరులో ఉంది. 1960లో ముకర్రం జాకు పుట్టిన కుమారునికి అజ్మత్ అని పేరుపెట్టారు. ఆ ఒక్క పేరులో తాత ఆజం బిరుదులోని ధాతువూ ఉంది, తండ్రి బర్కత్ పేరులోని '-అత్' ముగింపూ ఉంది. 2023 జనవరిలో ముకర్రం జా మరణించాక వంశ వారసత్వం ఆ పేరుగలవాడికే దక్కింది.

ఇంత జాగ్రత్తగా అల్లిన ఈ వరుసలో తల్లుల పేర్ల ధ్వని ఎక్కడా వినిపించదు. ముకర్రం, ముఫఖ్ఖంల తల్లి దుర్రుషెహ్వార్ చివరి ఉస్మానీ ఖలీఫా అబ్దుల్ మజీద్ కుమార్తె. అంతటి వంశం నుంచి వచ్చినా ఆమె పేరు పురానీ హవేలీలోని ఆసుపత్రికి అందింది గాని కుమారుల పేర్లలోకి రాలేదు.

త్రిపురుషానూకం

సంస్కృత సంప్రదాయంలో ఈ అంశం మీద అతి ప్రాచీనమైన ఆలోచన పతంజలి మహాభాష్యపు తొలి ఆహ్నికంలోనే కనిపిస్తుంది. పుత్రునికి పదవరోజు దాటాక పెట్టే పేరు నాదాక్షరంతో మొదలు కావాలనీ, మధ్యలో అంతస్థం ఉండాలనీ, రెండు లేదా నాలుగు అక్షరాలు కలిగి ఉండాలనీ యాజ్ఞికుల నియమం. అది 'త్రిపురుషానూకం' కావాలి, అంటే మూడు తరాల పూర్వులను అనుసరించాలి. శత్రువుల్లో స్థిరపడినది కారాదు. కృదంతం కావాలి, తద్ధితం కారాదు. వ్యాకరణం చదవకపోతే కృత్తేదో తద్ధితమేదో తెలియదని చెప్పడానికే పతంజలి దీనిని ఎత్తుకున్నాడు. కాని ఈ రెండు నియమాలను పక్కపక్కన పెడితే ఒక సున్నితమైన హద్దు గోచరిస్తుంది. దశరథుని నుంచి దాశరథి వచ్చినట్లు తండ్రి పేరుకు ప్రత్యయం చేర్చితే తద్ధితం పుడుతుంది. అది సంబంధాన్ని చెబుతుందే గాని బిడ్డకు సొంత పేరు కాజాలదు. పూర్వులను తలపించాలి, వారి పేరుకు తోకగా మిగలరాదు. నియమం పుత్రుని గురించే మాట్లాడటం కూడా గమనించదగినది.

కాకతీయుల వంశవృక్షంలో తాత పేరు మనుమడికి రావడం స్పష్టం: బేత, ప్రోల, మళ్ళీ బేత, మళ్ళీ ప్రోల. రెండవ ప్రోలుని కుమారుడు రుద్రదేవుడు (1158–1195). అతని తమ్ముని మనుమరాలు రుద్రమదేవి (1262–1289) ఆ పేరుతోనే పాలించింది. ఆమె కుమార్తె ముమ్మడమ్మ కుమారుడు ప్రతాపరుద్రుడు. ఇక్కడ 'రుద్ర' అనే ధ్వని ఇద్దరు స్త్రీల మీదుగా ప్రయాణించింది. పురుషనామం ధరించి పాలించిన రాణి వల్లనే అది సాధ్యమయిందనడం సమంజసం.

తెలుగు ఇళ్ళలో పెద్దల పేరు పలకకూడదన్న ఆచారం ఈ పోలికకు మరో రూపమిచ్చింది. మామగారి పేరు బిడ్డకు పెడితే కోడలు ఆ బిడ్డను కోప్పడలేదు. అందుకే అలాంటి మనుమడు 'తాతయ్య', 'నాన్న' అయ్యాడు. దీనికితోడు జన్మనక్షత్ర పాదాన్నిబట్టి తొలి అక్షరం (అశ్వినికి చూ, చే, చో, లా) నిర్ణయించే పద్ధతి పాటించిన చోట తండ్రి పేరుతో పోలిక మొదటి అక్షరంలో కుదరక చివరికి జరిగింది. దానికి భిన్నమైన ఉదాహరణ పంజగుట్టకు ఆనుకొని ఉన్న బంజారాహిల్స్‌లోనే దొరుకుతుంది. అక్కినేని నాగేశ్వరరావు, నాగార్జున, నాగచైతన్య: మూడు తరాలలో తొలి రెండక్షరాలూ మారలేదు. త్రిపురుషానూకానికి ఇంతకంటె సుబోధమైన వర్తమాన సాక్ష్యం తరగతి గదిలో చూపడం కష్టం. ఆ కుటుంబంలో ఇల్లాలి పేరు అన్నపూర్ణ స్టూడియోకు దక్కింది. దుర్రుషెహ్వార్ ఆసుపత్రి ఇక్కడ గుర్తుకురాక మానదు.

ధ్వని పోలిక భాషల సరిహద్దును కూడా దాటగలదని పంజగుట్ట చెంతనే మరొక నామకరణం చూపుతుంది. నవాబు ఫక్రుల్ ముల్క్ ఇక్కడి గుట్టపై భవనం కట్టించి, స్వర్గవనం అనే అర్థంలో 'ఇరం మంజిల్' అన్నాడు. స్థానికులు ఆ గుట్టను తెలుగులో 'ఎర్ర' పదంతో పిలిచేవారనీ, ఆ ధ్వనికి దగ్గరగా ఉండాలనే 'ఇరం' ఎంచుకున్నాడనీ, భవనానికి ఎర్రరంగు వేయించాడనీ చెబుతారు. తండ్రి పేరును తలపించే బిడ్డ పేరులాగే ఇదీ పాతదాన్ని చెరపకుండా కొత్తదాన్ని నిలిపే ప్రయత్నం. 2018లో మెట్రో రైలు అమీర్‌పేట నుంచి పంజగుట్ట మీదుగా ఎల్బీనగర్ వైపు నడవడం మొదలైనప్పుడు పంజగుట్ట తరువాతి స్టేషనుకు ఈ భవనం పేరే పెట్టారు. తెలుగువారు దాన్ని ఎర్రమంజిల్ అనే అంటున్నారు.