అద్దె నవలల మాట

డిటెక్టివ్ నవలలనూ ప్రేమ నవలలనూ "కాలక్షేపం సాహిత్యం" అని తీసిపారేయడం మనకు అలవాటు. కానీ 1960లు, 70లలో అద్దె లైబ్రరీలను బతికించినవి చాలావరకు ఇవే.

కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజుతో కలిసి నేరాల చిక్కుముడులు విప్పుతుంటే, తెల్లారిందాకా చదివినవాళ్ళెందరో! యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'లో జయంతి ఉద్యోగం చేసుకునే పిల్ల. డబ్బున్న రాజశేఖరం ముందు కూడా ఆత్మాభిమానం వదులుకోదు. 1976లో ఆ నవల సినిమాగా వచ్చింది. అందులో కారూ మేడా కలే కావచ్చు. ఆడపిల్ల తన కాళ్ళ మీద తను నిలబడాలన్న కోరిక మాత్రం కల కాదు. అందుకే ఆ నవలలు కాలక్షేపం మాత్రమే అంటే నేనొప్పుకోను.

చిక్కేమిటంటే, అవి చౌక కాగితం మీద అచ్చయ్యాయి. ఎక్కువ చేతులు మారిన పుస్తకమే ముందు చిరిగిపోయింది.

సులోచనారాణి గారు 2018 మే నెలలో కాలిఫోర్నియాలోని కూపర్టినోలో కన్నుమూశారు. ఆవిడ పాఠకులు అప్పటికే సముద్రాలు దాటి స్థిరపడ్డారు. అక్కడ మీ ఇంటి అటక మీదో, ఇక్కడ మా పెట్టెల అడుగునో అట్టలూడిన నవలలు ఇంకా ఉంటాయి. వాటిని పాత పేపర్లవాడికి వేయకండి. మన అమ్మలు ఏం చదివారో, ఏం కోరుకున్నారో చెప్పే సాక్ష్యాలవి.