ఉమేదువారు నుంచి ఇంటర్న్ దాకా: కృష్ణా డెల్టాలో లెక్కల పని నేర్చిన తీరు

డిగ్రీ విద్యార్థి ఆడిటరు ఆఫీసులో రెండు నెలలుండి పని చూసి రావడాన్ని ఇప్పుడు ఇంటర్న్‌షిప్ అంటున్నారు. కంపెనీ పాలన నాటి కచేరీలలో అలా కూర్చునే కుర్రవాణ్ణి ఉమేదువారు అనేవారు. పారసీలో ఆ మాటకు ఆశపడేవాడని అర్థం. జీతం ఉండదు. దస్తూరీ కుదిరేదాకా అర్జీలు నకలు రాయాలి, పద్దులు ఎక్కించాలి, పెద్ద గుమాస్తా చెప్పిన పనల్లా చెయ్యాలి. ఖాళీ పడితే తననే తీసుకుంటారన్నదే అతని ఆశ. చెన్నపట్నంలో సుప్రీంకోర్టు దుబాసీగా పేరు తెచ్చుకుని, 1830లో కాశీయాత్రకు బయల్దేరిన ఏనుగుల వీరాస్వామి కూడా చిన్నతనంలో జీతంలేని వాలంటీరుగానే కొలువులో అడుగుపెట్టాడు.

ఊళ్లలో ఈ పని నేర్చుకోవడం గ్రామ లెక్కలు రాసే కరణం ఇంటి అరుగు మీద సాగేది. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయి కాలువల నీరు పారాక డెల్టా గ్రామాలలో సాగుతో పాటు లెక్కలూ పెరిగాయి. ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో, ఎంత తడి పారిందో, శిస్తు ఎంత, నీటి తీరువ ఎంత అన్నవన్నీ అడంగలులో ఎక్కాలి. ఏటా జమాబందీలో పై అధికారుల ముందు ఆ లెక్క నిలబడాలి. కరణం కొడుకో మేనల్లుడో గట్ల వెంట తిరిగి పొలాలు గుర్తుపట్టడం, రాత్రి దీపం దగ్గర కూడికలు సరిచూడడం ఇందులో మొదటి పాఠాలు. కరణీకం వంశపారంపర్యం కనుక బయటివాళ్లకు ఈ బడిలో చోటు లేదు. కూచిపూడిలో నాట్యానికీ చాలాకాలం ఇదే కట్టు: గురువు ఇంట్లోనే చదువు, అదీ భాగవతుల కుటుంబాల మగపిల్లలకే. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి లాంటి గురువులు ఇరవయ్యో శతాబ్దంలో స్త్రీలకు నేర్పి ఆ కట్టు సడలించారు. కరణీకం కథ వేరు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ వ్యవస్థను ఒక్క ఆర్డినెన్సుతో రద్దు చేసింది.

పట్నాలలో మార్పు అంతకు ముందే వచ్చింది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. బ్యాంకులు, మిల్లులు, సహకార సంఘాలు పెరిగేకొద్దీ లెక్క రాసేవాడే కాక, రాసిన లెక్కను తనిఖీ చేసే బయటి మనిషీ కావలసి వచ్చాడు. 1913 కంపెనీల చట్టం కంపెనీ లెక్కలకు అర్హతగల ఆడిటరు ఉండాలంది. 1932లో రిజిస్టర్డ్ అకౌంటెంట్ల పద్ధతి మొదలైంది. 1949 జూలై 1న చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం అమల్లోకి వచ్చింది. దానితో ఉమేదువారుకు కాగితం మీద హక్కులున్న వారసుడు దొరికాడు. అతనే ఆడిటరు దగ్గర పని నేర్చుకునే ఆర్టికల్డు క్లర్కు. తొలిరోజుల్లో ఇతని స్థితి ఉమేదువారుకన్నా కష్టం. జీతం లేకపోవడమే కాదు, పని నేర్పినందుకు ప్రిన్సిపాల్ అనబడే ఆ ఆడిటరుకు ప్రీమియం పేరుతో సొమ్ము తనే చెల్లించే అలవాటుండేది. ఆ సొమ్ము పెట్టగల ఇళ్ల పిల్లలకే ఆ గడప అందేది. తర్వాతి కాలంలో పద్ధతి తిరగబడి, ఆఫీసే స్టైపెండు ఇవ్వాలన్న నియమం వచ్చింది. 2006 తర్వాత క్లర్కు అన్న మాట పోయి అసిస్టెంటు వచ్చింది.

ఆర్టికల్స్‌లో అసలు చదువు ఓచర్ల కట్ట దగ్గరే. విజయవాడ వన్‌టౌన్ గుడ్డల కొట్టు నుంచి ఏడాది బిల్లులు దారంతో కుట్టిన కట్టలుగా వస్తాయి. ఒక్కో బిల్లు తీసి తేదీ, పేరు, మొత్తం, సంతకం, రశీదు మీద రెవెన్యూ స్టాంపు చూడాలి. ఆ పద్దు చిట్టాలో, ఆపైన ఆవర్జాలో కనబడితే పక్కన ఆకుపచ్చ సిరాతో టిక్కు పెట్టాలి. నిరుటి టిక్కు చూసి ఈ ఏటి తనిఖీ అయిపోయిందని పొరబడకుండా రంగు మార్చే ఆఫీసులూ ఉండేవి. విసుగు పుట్టించే పనే. కానీ ఏ షావుకారు బిల్లు దిద్దాడో, ఏ గుమాస్తా తెలియక తప్పు రాశాడో వేల కాగితాలు తిప్పిన వేళ్లకే తెలుస్తుంది. దీనికి దగ్గరదారి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

1984లో ఆదాయపు పన్ను చట్టంలో ట్యాక్స్ ఆడిట్ సెక్షను చేరాక పెద్ద వర్తకులందరికీ ఆడిటరు తప్పనిసరయ్యాడు, ఆఫీసులకు కుర్రాళ్ల అవసరం పెరిగింది. అంతకు ముందు ఒక కొట్టు ఉగాదికి, ఇంకో కొట్టు దీపావళికి లెక్క ముగించేది. 1989 నుంచి అందరికీ మార్చి 31 ఒక్కటే ముగింపు అయింది. ఏడాదంతా పరుచుకుని ఉండే పని ఏప్రిల్ తర్వాతి కొన్ని నెలల్లో కుప్పపడింది. ఆపైన కంప్యూటర్లో లెక్కలు రాసే ట్యాలీ వాడుకలోకి వచ్చింది, కట్టలు పలచబడ్డాయి.

బీకాం విద్యార్థులకు ఈ గడప చాలాకాలం అందలేదు. ఇంటర్ వొకేషనల్‌లో అకౌంట్స్ చదివేవాళ్లకు ఆన్ ది జాబ్ ట్రైనింగ్ ఉండేది కానీ డిగ్రీ వాళ్లకు పుస్తకమే గతి. 2020–21లో ఆంధ్రప్రదేశ్ డిగ్రీ పాఠ్యప్రణాళికను మార్చి మూడేళ్ల చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. మొదటి ఏడు కాగానే సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడు కాగానే రెండు నెలల చిన్న ఇంటర్న్‌షిప్, చివర్లో ఒక సెమిస్టరంతా పని. కరణం అరుగుకు లేని గుణం ఒకటి దీనికి ఉంది: కులం, చుట్టరికం అడగదు. అయితే ఆడిటరు తెలిసినవాడైతే పని త్వరగా దొరుకుతుందన్నది ఇప్పటికీ నిజమే.

కూచిపూడి నుంచి వచ్చే విద్యార్థి పామర్రులో బస్సు మారి, ఉయ్యూరు, కంకిపాడు దాటి విజయవాడ బెంజి సర్కిల్లో దిగుతాడు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఊరు కృష్ణా జిల్లాలో, ఆఫీసు ఎన్టీఆర్ జిల్లాలో. తెలుగు మీడియం పుస్తకంలో అంకణా అని చదివినదే ఇక్కడ తెర మీద ట్రయల్ బ్యాలెన్స్. ఆస్తి అప్పుల పట్టీ అన్నది బ్యాలెన్స్ షీటు. మొదటి వారం జిరాక్సు, ఫైళ్లు సర్దడం, టీ చెప్పడం. రెండో వారం కొనుగోళ్ల రిజిస్టరును అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్లో ఉండే 2బి పట్టీతో ఎక్సెల్‌లో సరిచూడడం. జీఎస్టీ రిటర్ను గడువైన నెల ఇరవయ్యో తేదీ దగ్గరపడితే కొట్టుకు ఫోన్ చేసి ఓటీపీ అడగడం కూడా అతని పనే. షావుకారు బేరంలో ఉంటాడు, ఓటీపీ గడువు తీరిపోతుంది, మళ్లీ మొదటికి. రోజూ లాగ్‌బుక్కు రాయాలి, ఆఖర్న నివేదిక ఇవ్వాలి, కాలేజీ మార్కులు వేస్తుంది.

తీసుకునే ఆఫీసుకు ఇందులో లాభం తక్కువ. పని చేతికొచ్చేలోగా కుర్రవాడు వెళ్లిపోతాడు. అందుకే రాకుండానే సర్టిఫికెట్టు అడిగేవాళ్లూ, ఇచ్చేవాళ్లూ తయారయ్యారు. అది ఈ పద్ధతికి పట్టిన చీడ. ఆర్టికల్స్ గడువు కూడా తగ్గుతోంది. చాలాకాలం మూడేళ్లున్నది 2024 నుంచి చేరేవారికి రెండేళ్లయింది. రెండు నెలల డిగ్రీ ఇంటర్న్‌కు దక్కేది అందులో పన్నెండో వంతు. వేసవి సెలవుల్లో వచ్చి వెళ్లే విద్యార్థి జీఎస్టీ గడువును రెండుసార్లు చూస్తాడు, మార్చి ముగింపును ఒక్కసారి కూడా చూడడు.