జిల్లేడు వేరుపడిన కథ

తుంచితే పాలు కారడమే గుర్తనుకుంటే గన్నేరునూ జిల్లేడునూ ఒకే గాటన కట్టాలి. 1789లో ఫ్రెంచి పండితుడు జుస్యూ కట్టిందీ అలాగే. కాకినాడలో వృక్షశాస్త్రం చెప్పిన రోజుల్లో నేను మాత్రం పాఠాన్ని పక్కనున్న సామర్లకోటతో మొదలుపెట్టేవాణ్ణి.

ఈస్టిండియా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బరో 1781లో అక్కడికొచ్చాడు. కంపెనీ కోసం మిరియాలు పండించే ప్రయత్నం ఒకవైపు, ఇక్కడి చిత్రకారులతో మొక్కల బొమ్మలు గీయించడం మరోవైపు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో వెలువడింది. మొదటి సంపుటంలోనే జిల్లేడు చుట్టాలైన సెరోపీజియా తీగలు వరసగా కనిపిస్తాయి. ముఖపత్రం మీద డాక్టరు పేరుంది, గీసినవాళ్ల పేర్లు లేవు. నాకది ఇప్పటికీ కొరుకుడు పడదు.

అదే బ్యాంక్స్ దగ్గర 1810లో గ్రంథపాలకుడిగా చేరిన రాబర్ట్ బ్రౌన్ గన్నేరు జట్టు నుంచి జిల్లేడును విడదీశాడు. ఎలాగో చూపడానికి క్లాసులో తలా ఒక జిల్లేడు పువ్వు, గుండుసూది ఇచ్చేవాణ్ణి. పువ్వు నడుమ దిమ్మకు అయిదు మూలలుంటాయి. మూలన కనిపించే నల్లచుక్క కింది చీలికలో సూదిమొన పెట్టి పైకి లాగితే, చుక్కతోపాటు రెండు పసుపుపచ్చ సంచులు కావడి కుండల్లా వేలాడుతూ వస్తాయి. పుప్పొడంతా వాటిలోనే. తుమ్మెద కాలికి ఆ చుక్క తగులుకుంటే కావడి మొత్తం మరో పువ్వుకు చేరుతుంది. గన్నేరులో ఈ ఏర్పాటు లేదు.

సుగంధిపాల దగ్గర పరీక్ష కాస్త తికమక పెడుతుంది. సంచులుండవు, చెంచాలాంటి పలకల మీద రేణువులు అంటుకుని ఉంటాయి. అయినా బ్రౌన్ దాన్ని జిల్లేడు వైపే ఉంచి హెమిడెస్మస్ అని పేరుపెట్టాడు. ఎండువేరు కొనేవాళ్ల తికమక వేరు. షర్బతుకు సుగంధి పేరుతో బర్రెసుగంధి, అదే మారెడు కొమ్ములు, చలామణీ అవుతుంది. రెండింటి పరిమళానికీ మూలం ఒకే రసాయనం కాబట్టి ముక్కును నమ్మి లాభం లేదు. సుగంధి వేరు సన్నం. బర్రెసుగంధి వేలికంటే లావుగా, కండపట్టి, నడుమ కట్టెలాంటి ఈనెతో ఉంటుంది.

బ్రౌన్‌లో నాకు నచ్చినది ఇంకొకటి. నర్సరీల్లో కుండీల నుంచి వేలాడే, మైనం పూసినట్టుండే పూల తీగకు ఆయన పెట్టిన హోయా అన్న పేరు సయాన్ హౌస్ తోటమాలి థామస్ హోయ్‌ది. మన చిత్రకారులకు దక్కనిది ఆ తోటమాలికి దక్కింది.

1998లో జన్యు ఆధారాలు చూసిన వర్గీకరణ బృందం జిల్లేడు కుటుంబాన్ని మళ్లీ గన్నేరులోనే కలిపేసింది. అప్పటిదాకా నా పరీక్ష పేపర్లో ‘రెండు కుటుంబాలను పోల్చండి’ అన్నది ఖాయమైన ప్రశ్న. ఇప్పుడు జిల్లేడు ఒక ఉపకుటుంబం. సుగంధి, ఆ చెంచాల పుణ్యమా అని, మరో ఉపకుటుంబం.