నిన్న ఎన్నిసార్లు?



మేముండేది మస్కట్ దగ్గర మబేలాలో. రెండేళ్ళ క్రితం మా తొమ్మిదేళ్ళవాడి అల్లరి పడలేక ఒక డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన మా ఇద్దరికీ చెరొక ప్రశ్నల కాగితం ఇచ్చి, విడివిడిగా నింపమన్నారు. "చెప్పిన మాట వినడు" అన్నచోట నేను "చాలా" అని పెట్టాను, మావారు "లేదు" అని పెట్టారు. కారులో ఇంటిదాకా పోట్లాటే. "నావల్ల కాదు, వాణ్ణి విజయవాడ హాస్టల్లో వేసేద్దాం" అన్నాను. వాడు వెనక సీట్లోనే ఉన్నాడు.

మాలో ఎవరిది తప్పో తేల్చుకుందామని ఈ కాగితాల చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

1928లో అమెరికాలోని బర్క్లీలో జీన్ మెక్‌ఫర్లేన్ అనే ఆవిడ మామూలు పిల్లల తల్లుల్ని ఏళ్ళ తరబడి అడుగుతూ వివరాలు రాసుకున్నారు. ఆ ఫలితాలు 1954లో పుస్తకంగా వచ్చాయి. ఆ పిల్లల్లో వయసుతో అబద్ధాలాడటం తగ్గింది, గోళ్ళు కొరకడం పెరిగింది. అంటే పేచీలు లేని పిల్లలు అరుదన్నమాట.

తర్వాత బఫలో నగరంలో రీమా లపూజ్, మేరీ మంక్ 6 నుంచి 12 ఏళ్ళలోపు 482 మంది పిల్లల గురించి తల్లుల్ని అడిగారు. నూటికి 43 మందికి ఏడు, అంతకన్నా ఎక్కువ భయాలున్నాయని తల్లులే చెప్పారు. కొందరు పిల్లల్ని కూడా విడిగా అడిగితే, తల్లులకు తెలియని భయాలు ఇంకెన్నో బయటపడ్డాయి.

1983లో థామస్ అకెన్‌బాక్ 118 సమస్యల జాబితాకు 0, 1, 2 అని మార్కులు పెట్టే పద్ధతిని పుస్తకంగా తెచ్చారు. మన దేశంలో 1988లో చండీగఢ్ పీజీఐలో సవితా మల్హోత్రా బృందం, ఆ జాబితా ఆధారంగానే, తల్లిదండ్రుల్ని అడిగే 75 ప్రశ్నల కొలత తయారుచేసింది.

నా కళ్ళు తెరిపించింది మాత్రం 1987లో అకెన్‌బాక్ బృందం 119 అధ్యయనాలు కలిపి వేసిన లెక్క. ఇద్దరి మాటా పూర్తిగా కలిస్తే 1, అసలు పొంతనే లేకపోతే 0 అనుకోండి. ఒకేచోట పిల్లాణ్ణి చూసే ఇద్దరి మధ్య, అంటే అమ్మానాన్నల వంటివారి మధ్య, అది సగటున 0.60. తల్లిదండ్రులకూ టీచరుకూ మధ్యనైతే 0.28 దగ్గర. పిల్లల మాటకూ పెద్దల మాటకూ మధ్య 0.22. ఇందులో ఎవరూ అబద్ధమాడినట్టు కాదు. ఎవరు చూసే వేళ వారిది.

ఒరెగాన్‌లో ఇంకో పద్ధతి నడిచింది. రోజూ ఫోన్ చేసి, గడిచిన 24 గంటల్లో ఏం జరిగిందో మాత్రమే అడిగేవారు. "ఎప్పుడూ ఇంతే" అనే కోపానికి అక్కడ చోటు లేదు.

మేమూ వారంరోజులు అలా రాశాం. మొండికేసింది నాలుగు రోజులు. నాలుగూ రాత్రి ఏడుకీ ఎనిమిదికీ మధ్య, హోంవర్కు వేళే. ఆ వేళకి నేను వంటలో ఉంటాను, మావారు రుసైల్‌లో డ్యూటీలో ఉంటారు. ఇద్దరం రాసిందీ నిజమే.

ఐదో రోజున వాణ్ణి కూడా అడిగాను. "నన్ను విజయవాడ పంపేస్తావని భయం" అన్నాడు. మా రెండు కాగితాల్లోనూ ఆ మాట లేదు.

హాస్టల్ మాట అక్కడితో ఆగింది. ఇప్పుడు హోంవర్కు వేళ స్టవ్ కట్టేసి వాడి పక్కన కూర్చుంటున్నాను. మొండితనం పూర్తిగా పోలేదు కానీ, లెక్కకు అందుతోంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి కాగితం నింపాల్సి వస్తే, మూడో కాగితం పిల్లాడికి ఇవ్వడం మరిచిపోకండి.

సెలవు.